సద్దు

సాలిగ్రామంలో మా గదికి ఒకటే కిటికీ.
దాని కింద ఎస్తేరు మంచం,
మంచానికి మూరెడు దూరంలో నా బల్ల,
బల్ల కింద కంప్యూటరు.

వడపళని ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఎనిమిదింటికి వస్తుంది,
మొహం మీద చున్నీ కప్పుకుని పడుకుంటుంది.
అప్పుడు నా పని మొదలు.
డబ్బింగు సీరియళ్ళలో, ఎవరెవరి గొంతుల్లోంచో
ఊపిరి చప్పుళ్ళు కత్తిరిస్తాను.
హెడ్‌ఫోన్స్ బిగించుకున్నదాన్ని,
గదిలో ఏం మోగుతుందో నాకేం తెలుసు?

ఒక సాయంత్రం టీ ఊదుకుంటూ అడిగింది:
"ఇవాళ పెళ్ళి సీనా?"
అవును, నలభై ట్రాకులు. ఎలా కనిపెట్టావ్?
"నీ పెట్టె రొప్పింది."
నిష్ఠూరం కాదు.
రోగి నాడి చెప్పినట్టు చెప్పి
గ్లాసు కడుక్కోడానికి లేచింది.

మర్నాడు వాయుగుండం.
రిచీ స్ట్రీట్‌లో చీలమండల లోతు నీళ్ళు,
నీళ్ళ మీద అట్టపెట్టెలు.
కాజా మొహిదీన్ కొత్త ఫ్యానుని ఉఫ్‌మని ఊదాడు,
తొమ్మిది రెక్కలూ తిరిగి తిరిగి
ఆగడం మర్చిపోయాయి.
"సత్తమే ఉండదు మేడమ్, చెవి దగ్గర పెట్టుకుని చూడు."
ఆ హారన్ల మధ్య, ఆ వానలో
నిశ్శబ్దాన్ని చెవికి ఆనించుకుని ఏం చూడను?
నమ్మి కొన్నాను. తొమ్మిది వందల యాభై.
ఒక్క రూపాయి తగ్గించలేదు.

బస్సులో ఆ మాటే నానింది.
సత్తం.
మా నాయనమ్మ దాన్నే సద్దు అనేది:
"సద్దు చెయ్యకండర్రా, చంటిది పడుకుంది."
తడ దాటి వచ్చేసరికి
ఒక అక్షరం గట్టిపడిందేమో.

మూత విప్పితే లోపల
బూజో ఉన్నో తెలియని బూడిదరంగు కంబళి.
తీగ క్లిప్పు తియ్యబోతే బొటనవేలు చీరుకుంది.
కొత్త ఫ్యాను అంచున రెండు బాణాలున్నాయి,
రెక్కలు తిరిగే వైపు ఒకటి, గాలి పోయే వైపు ఒకటి.
చూసుకోకుండా తగిలించాను.
డెబ్బై ఎనిమిది డిగ్రీలు.
నన్ను నేను తిట్టుకుని, మళ్ళీ విప్పి, తిప్పి పెట్టాను.
అరవై ఒకటి.
వెనక అరచెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.
అంతే. ఇంకేం లేదు.

ఇంకేం లేనిచోట
ఒక్కొక్కటే వినబడ్డాయి:
పైవాళ్ళ మోటారు, గోడ వెనక బల్లి,
సన్‌షేడ్ మీంచి బకెట్‌లోకి చుక్కలు.
ఎస్తేరు నిద్రలో అంకెలు పలుకుతుంది.
"పద్నాలుగు... పద్నాలుగుకి సెలైన్..."
రెండేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం,
ఈ మాట ఇప్పుడు వింటున్నాను.

పదకొండింటికి దిగ్గున లేచి కూచుంది.
"ఎవరు ఆగిపోయారు?"

ఏమీ లేదు, ఫ్యాను మార్చాను, పడుకో అన్నాను.
బల్ల కింది నీలం దీపాన్ని చాలాసేపు చూసింది.
"వార్డులో మిషను సద్దు మానితే
మేము పరిగెత్తాలి" అంది.
పడుకుంది గానీ
చున్నీ కింద కళ్ళు తెరిచే ఉన్నాయి,
బట్ట కదులుతోంది.

గడప దగ్గర ఆమె తెల్ల బూట్లు,
వాన మింగి ఉబ్బినవి.
చచ్చిన రౌటరుదొక అడాప్టర్ సొరుగులో దొరికింది.
తీగలు మెలిపెట్టి, టేపు చుట్టి,
పాత ఫ్యానుని బూట్ల ముందు నిలబెట్టాను.
పిండిమర మొదలైంది.
కరకర, మధ్యలో ఒక ఎక్కిలి, మళ్ళీ కరకర.
"బూట్లు ఆరడానికి" అన్నాను, ఎవరూ అడక్కుండానే.
జవాబు లేదు.
చున్నీ నెమ్మదిగా లేచి దిగుతోంది.

నేను హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను.
మళ్ళీ పెళ్ళి సీనే.
తాళి ముడి పడేముందు ఆ పిల్ల గొంతులో
ఒక పెద్ద ఊపిరి.
కత్తిరించబోయి వదిలేశాను.
ప్రొడ్యూసరు అడిగితే
అప్పుడు చూద్దాం.